ఆన్‌లైన్ ఈసీ: ప్లాట్ కొనేముందు తప్పకుండా చూడండి

అడ్వాన్స్ ఇచ్చేముందు తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) చూశాను, నిజంగా పనికొచ్చే సర్వీస్. డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసో ఇస్తే చాలు, 1983 నుంచి ఆ ఆస్తి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో హద్దులు, విస్తీర్ణంతో సహా వరుసగా వచ్చేస్తుంది.

నేను చూసిన ప్లాట్‌కి సేల్ డీడ్ తర్వాత ఇంకో ఎంట్రీ ఉంది, డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ అని. అంటే కాగితాలు బ్యాంకులో తాకట్టులో ఉన్నాయన్నమాట, అమ్మే ఆయన ఆ ముక్క చెప్పనేలేదు! లోన్ తీరినట్టు రిలీజ్ కాగితం చూపిస్తేనే మాట్లాడదామని చెప్పేశాను.

అలాగని ఈసీ క్లీన్‌గా ఉంది కదా అని కళ్లు మూసుకుని కొనేయకండి. రిజిస్టర్ చేయించని అగ్రిమెంట్లు, వీలునామాలు, ఇంటి పన్ను బకాయిలు ఇందులో కనపడవు. అన్నదమ్ముల మధ్య కోర్టు కేసు నడుస్తున్నా చాలాసార్లు ఇందులోకి ఎక్కదు, అందుకే లింక్ డాక్యుమెంట్లన్నీ (అంటే ఆ ఆస్తి చేతులు మారిన పాత కాగితాలు) తీసుకెళ్లి లాయర్‌కి చూపించాల్సిందే. 1983కి ముందు లావాదేవీలు కావాలంటే ఆఫీసుకే వెళ్లాలి. వ్యవసాయ భూమి అయితే ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో చూడండి.

నేనైతే ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను.