ఎర్ర ధూళికి బిగుసుకుపోయిన పోలరైజర్: ఆరేళ్ల వాడకం తరువాత

విజయవాడ గవర్నర్‌పేటలో ఆరేళ్ల క్రితం కొన్న 77 మిల్లీమీటర్ల సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టరును (కెమెరా లెన్స్ ముందు బిగించి, తిప్పి మెరుపును తగ్గించే గాజు), అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లిన మూడుసార్లూ వెంట తీసుకువెళ్లాను. మొదటిసారి అదే రాష్ట్రంలోని సెడోనాలో, కెథీడ్రల్ రాక్ అనే ఎర్రరాతి కొండ ఎదుట దాని రింగును తిప్పగానే, రాతి మీది తెల్లని మెరుపు తొలగి, ఇసుకరాతికి ఇనుప తుప్పు పట్టించిన ఎరుపు తడి ఇటుకలా పైకి తేలింది. ఇది లేకుండా ఎడారికి వెళ్లవద్దని అప్పట్లో అందరికీ చెప్పాను.

నిరుడు ఎర్రరాతి దిమ్మెలుండే ఎడారి ప్రాంతం మాన్యుమెంట్ వ్యాలీలో, 27 కిలోమీటర్ల మట్టిరోడ్డు చుట్టి వచ్చేసరికి పిండిలాంటి ఎర్ర ధూళి దాని మరలలోకి చేరింది. సూర్యుడు మన వెనుక దిగుతూ, ఎదుటనున్న రాతి దిమ్మెలు నిప్పుకణికల్లా మారే ఆ ఇరవై నిమిషాలలో ఫిల్టరుతో పని లేదు. సూర్యుడికి లంబంగా ఉన్న ఆకాశం మీదనే అది బాగా పనిచేస్తుంది. పైగా ఒకటిన్నర స్టాపుకు తక్కువ కాకుండా (ఒక స్టాపు అంటే వెలుతురు సగానికి తగ్గడం) వెలుతురును మింగుతుంది. తీసివేద్దామంటే రాలేదు. గట్టిగా పట్టుకున్నకొద్దీ పలుచని రింగు వంగి మరింత బిగిసింది. షట్టర్ వేగం 1/15 సెకనుకు పడిపోయి, ఆ గాలికి చేతిలో తీసిన ఫొటోలన్నీ చెదిరిపోయాయి. చివరకు మా ఆవిడ తన రబ్బరు చెప్పు అడుగును ఫిల్టరు అంచుకు సమంగా ఆనించి, ఆవకాయ సీసా మూత తిప్పినంత సులువుగా ఊడదీసింది. అప్పటికి దిమ్మెల మీద ఎండ లేదు.

రంగు విషయంలోనూ నా పాత పొగడ్త కొంత ఎక్కువే. అక్కడి పొడి గాలిలో ఆకాశం ముందే ముదురు నీలం. రింగును పూర్తిగా తిప్పితే నల్లబడుతుంది, వెడల్పైన దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్స్‌లో అయితే ఒక పక్కనే నల్లని పట్టీ పడుతుంది. సగం తిప్పితే చాలునని మూడో ప్రయాణానికి గాని తెలియలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటి మెరుపు తగ్గించడానికి మాత్రం పూర్తిగానే తిప్పుతాను.

ట్రైపాడ్ మోసే ఓపిక ఉన్నవారికి ఈ ఇబ్బంది ఇంతగా ఉండకపోవచ్చు. నా మోకాళ్లు ఒప్పుకోవు. మధ్యాహ్నపు ఎండకు దీనిని ఇంకా వాడతాను, కానీ నాలుగు గంటలకే విప్పి, మరలను పాత టూత్‌బ్రష్‌తో దులిపి, డబ్బాలో పెట్టేస్తున్నాను.