‘కాలిఫోర్నియా కంప్లయంట్’ అన్న మాట నమ్మి పిస్టల్‌కు డబ్బు కట్టకండి

కాలిఫోర్నియాలో ఉంటూ, వేరే రాష్ట్రంలోని ఆన్‌లైన్ దుకాణం నుంచి పిస్టల్ తెప్పించుకుందామని చూస్తున్న తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కార్డు నంబరు కొట్టే ముందు దయచేసి పూర్తిగా చదవండి. న్యూజెర్సీ, మసాచుసెట్స్, మేరీల్యాండ్‌లలో ఉన్నవాళ్ళకు కూడా ఇందులో పనికొచ్చేది ఉంది. హెచ్1బి మీద ఉన్నవాళ్ళు మాత్రం మిగతాది వదిలేసినా, వీసాల గురించి రాసిన భాగం తప్పకుండా చదవాలి.

మేం బే ఏరియాలో ఉంటాం, మాది గ్రీన్ కార్డ్. ఇంట్లో బంగారం ఉంటుందని మనవాళ్ళ ఇళ్ళనే వెతుక్కుంటూ వచ్చే దొంగల సంగతి మీకు తెలిసిందే. ఆ భయంతోనే 9 ఎంఎం పిస్టల్ ఒకటి కొనాలనుకున్నాం. ఇంట్లో గన్ ఉండాలా వద్దా అన్నది ఎవరింట్లో వాళ్ళు కూర్చుని తేల్చుకోవలసిన విషయం, దాని జోలికి నేను పోను. కొనాలని తేల్చుకున్నాక డబ్బు పోగొట్టుకోకూడదు, చట్టం దగ్గర దొరికిపోకూడదు. నా ఆరాటమంతా అదే.

మేం చూసిన పేజీలో గ్లాక్ 19 జెన్ 5 బొమ్మ ఉంది. కింద 10 రౌండ్ల మ్యాగజైన్ (పది తూటాలు పట్టే డబ్బా) అని, దాని పక్కనే పెద్ద అక్షరాలతో ‘కాలిఫోర్నియా కంప్లయంట్’, అంటే ఈ రాష్ట్ర చట్టానికి సరిపోతుంది అని ఉంది. అడ్రసులో కాలిఫోర్నియా అని కొట్టినా ఆ సైట్ ఎక్కడా ఆపలేదు. డబ్బు తీసుకుంది, మీ దగ్గర్లో ఉన్న లైసెన్స్ డీలర్ పేరు చెప్పండి, అక్కడికి పంపుతాం అంది. ఆర్డర్ కాగితం పట్టుకుని మా ఊళ్ళో గన్ షాపుకు వెళ్తే, కౌంటర్ దగ్గరున్న పెద్దాయన మోడల్ చూడగానే తల అడ్డంగా ఊపాడు. ‘ఇది రోస్టర్‌లో లేదు. నేను తీసుకోను, ఈ రాష్ట్రంలో ఏ డీలరూ తీసుకోడు’ అన్నాడు. రోస్టర్ అంటే అమ్మకానికి రాష్ట్రం ఒప్పుకున్న హ్యాండ్‌గన్‌ల జాబితా.

అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇంకా దారుణం. మీ రాష్ట్ర చట్టం తెలుసుకోవలసిన బాధ్యత మీదేనని మా షరతుల్లో ఉంది, ఆర్డర్ రద్దు చేస్తే 20 శాతం రీస్టాకింగ్ ఫీజు పట్టుకుంటాం అన్నారు. నిజానికి ఆ పిస్టల్ వాళ్ళ షెల్ఫ్ మీద నుంచి కదలనే లేదు. వేరే రాష్ట్రం డీలర్ కాలిఫోర్నియా డీలర్‌కు గన్ పంపాలంటే, ముందుగా కాలిఫోర్నియా న్యాయశాఖ నుంచి ఆ పార్సెల్‌కు ఒక అనుమతి నంబరు తీసుకోవాలి. వాళ్ళు అదీ తీసుకోలేదు. కదలని సరుకును తిరిగి సర్దినందుకు మా దగ్గర ఆ 20 శాతం కోత పెట్టారు. ‘కంప్లయంట్’ అని రాసింది వాళ్ళే, రాసినదానికి బాధ్యత లేదన్నదీ వాళ్ళే.

ఇక్కడ మెలిక ఏమిటో అర్థమైతే మీరు ఏ సైట్ చేతిలోనూ మోసపోరు. కాలిఫోర్నియాలో హ్యాండ్‌గన్‌కు కనీసం రెండు వేర్వేరు గేట్లు ఉన్నాయి. ఒకటి మ్యాగజైన్ పరిమితి: పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్ అమ్మకూడదు. ఈ నిషేధాన్ని 2025 మార్చిలో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు కూడా సమర్థించింది. రెండోది రోస్టర్. 1999లో చేసిన చట్టం ప్రకారం 2001 నుంచి, రాష్ట్ర న్యాయశాఖ పరీక్షలు దాటి జాబితాలో చేరిన హ్యాండ్‌గన్‌లనే డీలర్లు మామూలు జనానికి కొత్తగా అమ్మాలి. బయటి సైట్లు చాలావరకు మొదటి గేటు మాత్రమే చూసుకుంటాయి. పది రౌండ్ల మ్యాగజైన్ పెట్టేసి ‘కంప్లయంట్’ అని ముద్ర కొడతాయి. రెండో గేటు దగ్గర ఇరుక్కునేది మనం.

రోస్టర్‌లో పేరు ఒక్కటే ఉంటే సరిపోదు. గ్లాక్ 19 అనే పిస్టల్ జాబితాలో ఉంది, అయితే అది మూడో తరం, అంటే జెన్ 3. 2010లో వచ్చిన జెన్ 4, 2017లో వచ్చిన జెన్ 5 అందులోకి రాలేదు. పరీక్షలు ఏళ్ళ తరబడి కఠినమవుతూ వచ్చాయి. చాంబర్‌లో తూటా ఉందో లేదో బయటికి కనపడాలి, మ్యాగజైన్ తీసేస్తే పేలకూడదు అన్న నిబంధనలు ముందు వచ్చాయి. 2013 నుంచి మైక్రోస్టాంపింగ్ కూడా కావాలన్నారు. అంటే పేలిన ప్రతిసారీ ఖాళీ తూటా మీద ఆ గన్ గుర్తు పడాలి. అలాంటి పిస్టల్‌ను ఏ కంపెనీ తయారుచేయలేదు. ఫలితంగా దాదాపు పదేళ్ళు కొత్త సెమీ ఆటోమేటిక్ మోడల్ ఒక్కటీ జాబితాలో చేరలేదు. పాతవి పాతవిగా కొనసాగాయి, అందుకే దేశమంతా జెన్ 5 అమ్ముడవుతున్నా ఇక్కడి షాపుల్లో జెన్ 3 కనిపిస్తుంది.

2023 మార్చిలో బోలాండ్ వర్సెస్ బోంటా కేసులో ఫెడరల్ జడ్జి కార్మాక్ కార్నీ ఈ నిబంధనల అమలు ఆపమన్నారు. అప్పీల్‌లో మిగతా రెండూ తిరిగి నిలబడ్డాయి, మైక్రోస్టాంపింగ్ మాత్రం అప్పటికి పక్కకు తప్పుకుంది. ఆ సందులోంచి సిగ్ సావర్ లాంటి కంపెనీలు ఈ రాష్ట్రం కోసమే మార్పులు చేసిన మోడళ్ళను జాబితాలో చేర్చగలిగాయి. కొనేవాళ్ళకు ఇది మేలే, ప్రమాదమూ ఇక్కడే ఉంది. పేరు అదే, బొమ్మ అదే, కాలిఫోర్నియా వెర్షన్ పార్ట్ నంబరు మాత్రం వేరు. సైట్‌లో చవకగా కనిపించేది సాధారణంగా జాబితాలో లేని బయటి వెర్షనే. కంపెనీ ఏటా ఫీజు కట్టకపోతే మోడల్ జాబితా నుంచి జారిపోతుంది కూడా. కాబట్టి పోయినేడాది మీ ఫ్రెండ్ కొన్న మోడల్ ఈ ఏడాది ఉంటుందన్న భరోసా లేదు.

గ్లాక్ కొనాలనుకునేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. 2025 అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ సంతకం చేసిన ఏబీ 1127 చట్టం, చిన్న పరికరం తగిలించి మెషిన్‌గన్‌గా మార్చడానికి వీలున్న డిజైన్ పిస్టళ్ళను డీలర్లు అమ్మకుండా నిషేధిస్తుంది. గ్లాక్‌లను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టం ఇది. అందులో రాసిన తేదీ 2026 జులై 1. డబ్బు కట్టే రోజున పరిస్థితి ఏమిటో మీ డీలర్‌ను అడగకుండా అడుగు వేయకండి.

మా విషయం నలుగురికీ తెలిశాక వచ్చిన సలహాలు వింటే నాకు నిజంగా భయమేసింది. అందరూ మంచి మనసుతోనే చెప్పారు, అయినా కొన్ని నేరుగా జైలుకు దారితీసేవి.

‘డాలస్‌లో మీ బావమరిది ఉన్నాడుగా, అక్కడ కొని ఇవ్వమను’ అన్నది అందులో మొదటిది. 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం డీలర్ తన రాష్ట్రంలో నివసించేవాళ్ళకే హ్యాండ్‌గన్ చేతికివ్వాలి. బావమరిది తన పేరున కొని మనకిస్తే ఇంకా పెద్ద చిక్కు. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో, అసలు కొనుగోలుదారు మీరేనా అని స్పష్టంగా అడుగుతారు. మన డబ్బుతో మన కోసం కొంటూ అక్కడ అవునని టిక్ పెడితే అబద్ధం చెప్పినట్టే. అబ్రామ్‌స్కీ కేసు ఇదే. వర్జీనియాలో ఒక మాజీ పోలీసు, పెన్సిల్వేనియాలో ఉన్న తన మామ కోసం గ్లాక్ 19 కొన్నాడు. ఆ మామకు చట్టప్రకారం గన్ ఉంచుకునే అర్హత పూర్తిగా ఉంది. బదిలీ కూడా డీలర్ ద్వారానే చేశారు. అయినా 2014లో సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. చుట్టరికం మీద ఇలాంటి సాయం అడిగి బావమరిది జీవితాన్ని ప్రమాదంలో పెట్టకండి.

రెండో సలహా ‘ఆఫ్-రోస్టర్’ పిస్టల్, అంటే జాబితాలో లేనిది, ఎవరి దగ్గరైనా సెకండ్ హ్యాండ్‌లో కొనమని. కాలిఫోర్నియా వాసులిద్దరి మధ్య డీలర్ ద్వారా జరిగే బదిలీకి రోస్టర్ నిబంధన వర్తించదన్నది నిజమే. దాన్ని ఆసరా చేసుకుని కొందరు కొత్త ధరకంటే ఎంతో ఎక్కువ అడుగుతారు. అది కొనేవాళ్ళ ఇష్టం అనుకుందాం. కానీ ‘డీలర్ దాకా ఎందుకు, పార్కింగ్ లాట్‌లో కలుద్దాం’ అన్న మాట వినపడితే అక్కడితో ఆ బేరం వదిలేయండి. వ్యక్తుల మధ్య అమ్మకం కూడా డీలర్ కౌంటర్ మీదే, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌తో, పది రోజులు ఆగాకే జరగాలి.

ఇక వీసాలు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, ఇక్కడ పోయేది మొత్తం జీవితం. హెచ్1బి, ఎల్1, ఎఫ్1, హెచ్4, ఇలా నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ తూటా గానీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరం. శిక్ష 15 ఏళ్ళ వరకు ఉండవచ్చు. గన్ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణమవుతుంది, అది గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకూ వర్తిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకు మినహాయింపు ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని ‘ఆన్‌లైన్‌లో లైసెన్స్ తీసుకో, అయిపోతుంది’ అని తేలిగ్గా చెప్పేవాళ్ళు మనలోనే ఉన్నారు. ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా దాని మీద ఆధారపడకండి. రాష్ట్రం సొంత నిబంధనలు దీని పైన అదనం. టెక్సస్‌లో పర్మిట్ అక్కర్లేదు కాబట్టి వీసా మీద ఉన్నా పరవాలేదన్న మాట పూర్తిగా తప్పు, రాష్ట్రం ఎంత వదులుగా ఉన్నా ఫెడరల్ చట్టం వదలదు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు మీ ఇంట్లో ఉంటే, సేఫ్ తాళం, కోడ్ వాళ్ళకు అందకుండా చూసుకోండి. మీకు గన్ ఉండే హక్కు ఉన్నా వాళ్ళకు లేదు.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకు రెండు మాటలు. న్యూజెర్సీలో ప్రతి హ్యాండ్‌గన్‌కూ విడిగా పర్మిట్ కావాలి, మ్యాగజైన్ పదికి మించకూడదు. ఎడిసన్‌లో ఉండి పెన్సిల్వేనియా షాపులో చూసిన పిస్టల్ అలాగే ఇంటికి తెచ్చుకోవడం కుదరదు. మేరీల్యాండ్‌కు సొంత రోస్టర్ ఉంది, కొనే ముందు హ్యాండ్‌గన్ క్వాలిఫికేషన్ లైసెన్స్ కూడా కావాలి. మసాచుసెట్స్‌లో పరిస్థితి మరీ తికమక. అక్కడ రోస్టర్‌లో ఉన్నా అటార్నీ జనరల్ నిబంధనలు వేరుగా దాటాలి, అందుకే గ్లాక్‌లు జాబితాలో కనిపించినా డీలర్లు మామూలు కొనుగోలుదారులకు కొత్తవి అమ్మకుండా ఉంటూ వచ్చారు. టెక్సస్ నుంచి ఉద్యోగం మారి కాలిఫోర్నియా వచ్చేవాళ్ళు తమ పాత హ్యాండ్‌గన్‌ల వివరాలు 60 రోజుల్లోగా రాష్ట్ర న్యాయశాఖకు తెలపాలి. పెద్ద మ్యాగజైన్‌లు మాత్రం వెంట తేకూడదు.

కొనడం ఖాయమైతే నేను చెప్పే క్రమం ఇది. ముందు ఊళ్ళో డీలర్ దగ్గరికి వెళ్ళండి, సైట్ తర్వాత. ఫైర్‌ఆర్మ్ సేఫ్టీ సర్టిఫికెట్ పరీక్ష రాయండి: 30 ప్రశ్నలు, 23 సరైనవి కావాలి, ఫీజు 25 డాలర్లు. హ్యాండ్‌గన్‌కు ఐడీతో పాటు కరెంటు బిల్లు, ఇంటి లీజు లాంటి నివాస రుజువు అడుగుతారు, వెంట ఉంచుకోండి. 2024 జులై నుంచి డీలర్ అమ్మకాల మీద రాష్ట్రం 11 శాతం ఎక్సైజ్ పన్ను వేస్తోంది, మామూలు సేల్స్ టాక్స్ దానికి అదనం. ఆన్‌లైన్ ధరతో పోల్చేటప్పుడు ట్రాన్స్‌ఫర్ ఫీజు కూడా కలిపి చూస్తే తేడా చాలాసార్లు మిగలదు. అయినా బయటి నుంచే తెప్పించుకోవాలంటే, పూర్తి పార్ట్ నంబరును రాష్ట్ర న్యాయశాఖ వెబ్‌సైట్‌లోని రోస్టర్‌తో అక్షరం అక్షరం సరిచూడండి. మీ డీలర్ ‘తీసుకుంటాను’ అని ఈమెయిల్‌లో రాసి ఇచ్చాకే డబ్బు కట్టండి.

డబ్బు క్రెడిట్ కార్డుతోనే కట్టండి, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పంపే జెల్ (Zelle)తో వద్దు. మాకు ఆ 20 శాతం చివరికి వెనక్కి వచ్చిందంటే కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేయడం వల్లే. ‘కాలిఫోర్నియా కంప్లయంట్’ అన్న పేజీ స్క్రీన్‌షాట్, తీసుకోనని మా డీలర్ రాసిచ్చిన రెండు వాక్యాలు, ఈ రెండే మా సాక్ష్యం. ఆ తర్వాత చూస్తే సైట్‌లో ఆ మాట తీసేశారు. స్క్రీన్‌షాట్ లేకపోతే మా దగ్గర చూపించడానికి ఏమీ మిగిలేది కాదు. మీకూ ఇలాంటి ఆర్డర్ పెండింగ్‌లో ఉంటే ఈ రోజే పేజీని తేదీతో సహా సేవ్ చేసుకోండి. రద్దు చేయమని ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో రాయండి. కోత పెడతామంటే కార్డు డిస్ప్యూట్‌తో పాటు కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఆఫీసుకు వినియోగదారుల ఫిర్యాదు కూడా పంపండి, మేమూ పంపాం.