ఫోన్ పెడితే లాప్‌టాప్ ఆరిపోతోందా? ఫార్మాటా, హబ్బా, పోర్టు రిపేరా: ఏది మేలు?

మా బావమరిది లాప్‌టాప్‌కి ఓ వింత జబ్బు. రోజంతా లక్షణంగా పని చేస్తుంది, ఫోన్ కేబుల్ పెట్టగానే టప్‌మని ఆరిపోతుంది. ఫోనే కాదు, ట్యాబ్ పెట్టినా అంతే. వీధి చివరి షాపులో ఫార్మాట్ కొట్టించాడు. రెండు రోజులు బాగానే ఉందన్నాడు. ఆ రెండు రోజులూ ఫోన్ పెట్టనేలేదని తర్వాత తెలిసింది.

"ఇంకో షాపులో మదర్‌బోర్డు పోయిందంటున్నారు బావా, దీన్ని అమ్మేసి కొత్తది కొనేయనా?" అన్నాడు.

"ముందు పట్టుకురా, చూద్దాం" అన్నాను.

ఈ జబ్బుకి జనం వెళ్ళే దారులు నాలుగు: ఫార్మాట్, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ (కేబుల్ దూర్చే పోర్టు ఒక్కదాన్నే నాలుగు చేసే డబ్బా), పోర్టు రిపేరు, వైరు మానేసి వైఫైలో పంపుకోవడం. వీటిలో ఏది మంచిదో తేలాలంటే లాప్‌టాప్ ఎలా ఆగిపోతోందో ముందు చూడాలి. లైటు కట్టేసినట్టు ఒక్కసారిగా ఆరిపోతే అనుమానం కరెంటు మీద. బ్లూ స్క్రీన్, అంటే విండోస్ కూలిపోయిందని చెప్పే నీలి తెర, వచ్చి ఆగితే (కొత్త విండోస్ 11లో ఆ తెర నల్లగా మారింది) ముందు డ్రైవర్‌ని (ఫోన్ లాంటి పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్‌ని) అనుమానించాలి. చిక్కేమిటంటే, క్రాష్ అయినప్పుడు విండోస్ తనంతట తానే రీస్టార్ట్ అయ్యేలా సెట్టింగ్ ఉంటుంది, కాబట్టి ఆ తెర కంటికి ఆనకుండానే పోతుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో, అడ్వాన్స్‌డ్ కింద, స్టార్టప్ అండ్ రికవరీలో ఆ టిక్కు తీసేయండి. విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 (సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందనే నమోదు) కనిపిస్తే దాని వివరాలు తెరవండి. క్రాష్‌కి కారణం చెప్పే బగ్‌చెక్ కోడ్ దగ్గర 0 ఉంటే విండోస్‌కి ఏమీ రాసుకునే టైమ్ దొరకలేదన్నమాట. కరెంటు పోయినా, మెషీన్ బిగుసుకుపోయినా అలాగే ఉంటుంది.

ఇంకా తేలికైన పరీక్ష ఉంది. ఫోన్ స్విచాఫ్ చేసి కేబుల్ పెట్టండి. ఆఫ్‌లో ఉన్న ఫోన్ చార్జింగ్ లాగుతుంది కానీ ఫైళ్ళ గొడవ ఉండదు. అప్పుడూ ఆరిపోతే డ్రైవర్‌ని తిట్టి లాభం లేదు. మావాడి లాప్‌టాప్ ఇక్కడే దొరికిపోయింది. కుడివైపు పోర్టులో పెట్టగానే ఆరిపోయింది. ఎడమవైపు పోర్టులో అదే ఫోన్, అదే కేబుల్, పావుగంటైనా చలనం లేదు. టార్చి వేసి చూస్తే కుడి పోర్టులో నల్ల ప్లాస్టిక్ నాలుక ఒక పక్కకి ఒరిగి ఉంది, దాని మీది ఇత్తడి రంగు పిన్ను ఒకటి లేచి, చుట్టూ ఉన్న రేకుని దాదాపు తాకుతోంది. కేబుల్ దూరినప్పుడల్లా ఆ రెండూ కలుస్తున్నాయి. దాన్ని సూదితో సర్దుదామని మాత్రం చూడకండి.

ఇప్పుడు పోలిక. ఫార్మాట్‌కి నేను వేసే మార్కులు చాలా తక్కువ. పోర్టు వంగితే దానివల్ల ఒరిగేది లేదు. తప్పు విండోస్‌దే అయినా ఒక్కోసారి పనికిరాదు. 2016 ఆగస్టులో విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్ వచ్చాక కొందరికి కిండిల్ (అమెజాన్ ఈ-బుక్ రీడర్) కలపగానే బ్లూ స్క్రీన్ వచ్చేది. అదే అప్‌డేట్‌ని మళ్ళీ శుభ్రంగా ఎక్కించుకున్నా ఆ తప్పు అందులోనే ఉంటుంది కదా. చివరికి మైక్రోసాఫ్ట్ మరో అప్‌డేట్‌తో సరిచేయాల్సి వచ్చింది. (1998లో షికాగోలో విండోస్ 98 చూపిస్తుంటే, బిల్ గేట్స్ వేదిక మీద ఉండగానే, స్కానర్ కలపగానే బ్లూ స్క్రీన్ వచ్చింది. కాబట్టి మనం సిగ్గుపడాల్సిన పని లేదు.) డ్రైవర్ మీద అనుమానముంటే డివైస్ మేనేజర్‌లో ఆ ఫోన్ ఎంట్రీని అన్‌ఇన్‌స్టాల్ చేసి, లాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి చిప్‌సెట్ డ్రైవర్లు వేసుకోండి. అయినా తేలకపోతే పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా నడిపి ఫోన్ కలపండి. అక్కడా క్రాష్ అయితే విండోస్ నిర్దోషి. మీ ఫైళ్ళు ఒక్కటీ పోవు, ఫార్మాట్ కంటే ఇదెంతో నయం.

హబ్ సంగతి వేరు. యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 ఇస్తుంది. అంతకు మించి లాగితే పోర్టు తనను తాను ఆపుకోవాలి, లాప్‌టాప్ మొత్తం ఆరిపోకూడదు. పాతబడిన బోర్డులో, నీరసించిన బ్యాటరీతో ఒక్కోసారి అలా జరగదు, అంతా కలిసి కూలుతుంది. చార్జర్ తీసినప్పుడే క్రాష్ అవుతుంటే ముందు బ్యాటరీని చూడండి. ఇలాంటి చోట అడాప్టర్ ఉన్న హబ్ నిజంగా ఆదుకుంటుంది, ఫోన్‌కి కావాల్సిన కరెంటు గోడ నుంచి వస్తుంది. అడాప్టర్ లేని హబ్ దండగ, ఉన్న ఆ 500నే నలుగురికి పంచుతుంది. మరీ చవకవి కొన్ని కరెంటుని వెనక్కి లాప్‌టాప్‌లోకే తోస్తాయి. వంగిన పోర్టుకి మాత్రం ఏ హబ్బూ మందు కాదు.

వైఫై దారి ఫొటోలకి, పీడీఎఫ్‌లకి చాలు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైళ్ళు పంపుకునే క్విక్ షేర్ విండోస్‌కీ ఉంది. ఆండ్రాయిడ్ 11 నుంచి యాప్‌లు రాసేవాళ్ళు వైరు లేకుండానే డీబగ్గింగ్ (యాప్‌లో తప్పులు వెతకడం) చేసుకోవచ్చు. పెళ్ళి వీడియో 60 జీబీ ఎక్కించాలంటే మాత్రం ఓపిక ఉండాలి. పైగా వంగిన పోర్టు అలాగే ఉంటుంది, రేపు ఎవరో పిల్లవాడు పెన్‌డ్రైవ్ పెడతాడు.

అందుకే మావాడికి పోర్టు రిపేరే చెప్పాను. చాలా లాప్‌టాప్‌లలో ఒక పక్క పోర్టులు మదర్‌బోర్డు మీద ఉండవు, రిబ్బన్ కేబుల్‌తో కలిపిన చిన్న బోర్డు మీద ఉంటాయి. మావాడిదీ అంతే. అది మారిస్తే చాలు, మదర్‌బోర్డు జోలికే పోనక్కర్లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళి, మోడల్ నంబర్ చూపించి ఆ చిన్న బోర్డు వేయించుకున్నాడు. ఇంటికొచ్చాక ఫోన్ పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఆరలేదు.

"అయితే ఆ ఫార్మాట్‌లో పోయిన ఫొటోలు?" అని వెనక నుంచి మా చెల్లెలు అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.