కినొసాకిలో స్నానం బ్రహ్మాండం, భోజనమే ఇబ్బంది

కినొసాకి జపాన్‌లో వేడినీటి బుగ్గలున్న ఊరు, క్యోటో నుంచి రైల్లో సుమారు రెండున్నర గంటలు. ర్యోకాన్‌లో (జపాన్ సంప్రదాయ సత్రంలో) దిగినవాళ్లకి ఊళ్లోని వేడినీటి స్నానశాలలకి పాస్ ఉచితం. యుకాతా (పల్చటి నూలు కిమోనో) కట్టుకుని, చెక్కచెప్పులు టకటకలాడించుకుంటూ వీధులన్నీ తిరగొచ్చు. పచ్చబొట్లున్నా రానిస్తారు, జపాన్‌లో చాలాచోట్ల రానివ్వరు.

ఆడవాళ్లకి వేరే వైపే అయినా, బట్టల్లేకుండా దిగాలంటే మొదట టెన్షన్ పడ్డాను. ఎవరూ మన వంక చూడరు. పీట మీద కూర్చుని ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే నీళ్లలో దిగాలి. చిన్న తువ్వాలు నీళ్లకి తగలకూడదు, అందుకని అందరూ మడిచి నెత్తిన పెట్టుకుంటారు. గోషొనోయు అనే స్నానశాలలో ఆరుబయట, కొండ పక్కన, మెడదాకా వేడినీళ్లు... మోకాళ్లనొప్పులున్న మా అత్తయ్య లేవనంది!

గది, పరుపులు బాగున్నాయి. శాకాహారమని ముందే చెప్పినా, మా ర్యోకాన్‌వాళ్లు టోఫూని చేపల రసంలోనే ఉడికించారు. ఆ అద్దెకి ఇది అన్యాయం. అన్నం, పచ్చళ్లతో సరిపెట్టుకున్నాం.

ఒక్కో స్నానశాలకి వారంలో ఒక్కో రోజు సెలవు, చూసుకుని వెళ్లండి.