చపాట కారం: రంగు నిండుగా, మంట తక్కువగా

ఈ ఎండాకాలం మామిడికాయ తొక్కు కోసం రెండు కిలోల చపాట మిర్చి కొని, ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక చిన్న గిర్నీలో కారం పట్టించాను. నాలుగు నెలల నుంచి వాడుతున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

చపాట అంటే మా వరంగల్ వైపు పండే లావుపాటి మిర్చి. టమాటాలా గుండ్రంగా ఉంటుందని టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో దీనికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అన్న ముద్ర, వచ్చినప్పుడు మా ఇంట్లో పిల్లకు మార్కులు వచ్చినంత సంతోషపడ్డాం.

పోయినేడు ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్యాకెట్‌తో మోసపోయాను. ఆ సంగతి చెబితే గిర్నీ ఆయన గ్లాసులో నీళ్లు తెచ్చి, అప్పుడే పట్టిన కారం చిటికెడు చల్లాడు. "అక్కా, అసలు మిర్చి రంగు నూనెల దిగుతది, నీళ్లల్ల దిగదు" అన్నాడు. నిజమే, ఒక్క ఎర్ర చార కూడా కిందికి జారలేదు. ఇంటికొచ్చి పాత ప్యాకెట్ పొడి చల్లి చూస్తే రంగు చారలు చారలుగా దిగింది, అంటే అది కలిపిన రంగన్నమాట. అంతా పారబోశాను.

మంట సంగతీ అంతే. మంట పుట్టించే క్యాప్సేసిన్ నీళ్లలో కరగదు. మొన్న మా మనవడు తొక్కు ఎక్కువ కలుపుకుని, చెంబెడు నీళ్లు తాగినా ఏడుపు ఆపలేదు. గ్లాసు పాలు తాగిస్తే తగ్గింది. నిజానికి నోరు కాలదు. వేడిని పసిగట్టే నరాలనే ఈ క్యాప్సేసిన్ తట్టి లేపుతుంది. ఆ కిటుకు 1997లో బయటపెట్టిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది, ఇంకొకరితో కలిపి. పక్షులకు ఈ మంట తెలియదట. చిన్నప్పుడు మా పెరట్లో రామచిలుకలు పండుమిర్చి కొరుక్కు తింటుంటే ఎలా తింటున్నాయా అనుకునేదాన్ని. చిలుకలు గింజల్ని నలిపేస్తాయి గానీ, చాలా పక్షుల కడుపులోంచి గింజలు నలగకుండా బయటికొచ్చి, దూరంగా పడి మొలుస్తాయి.

నన్ను అన్నిటికంటే కదిలించింది మాత్రం వేరే. నేను కోట పక్కనే పుట్టి పెరిగాను. ఓరుగల్లు ఢిల్లీ సైన్యం చేతిలో పడింది 1323లో. మిర్చి పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ అక్కడికి వెళ్లింది 1492లో, మన దేశానికి దాన్ని తెచ్చింది ఆ తర్వాత పోర్చుగీసు వాళ్లు. అంటే రుద్రమదేవి వంటింట్లో ఒక్క మిరపకాయ లేదు! అప్పుడు కారమంటే ఎక్కువగా మిరియాలే. మిరప అన్న మాటలోనే మిరియం వినిపిస్తుంది కదా.

గిర్నీ విషయంలో ఒక్క ఫిర్యాదు. నాకంటే ముందు పసుపు పట్టారు, తుడవకుండానే నా మిర్చి పోయబోయాడు. అడిగాకే శుభ్రం చేశాడు. మీరు దగ్గరుండి చూసుకోండి. తొడిమలు తీసి, రెండు రోజులు బాగా ఎండబెట్టి తీసుకెళ్లండి. పొడి చల్లారాకే డబ్బాలో పోయండి, లేకపోతే చెమ్మ పడుతుంది.

పప్పుచారుకు, కూరలకు ఒట్టి చపాట చప్పగా అనిపిస్తుంది. అరకిలో తేజ అనే ఘాటైన మిర్చి కలిపి పట్టించుకుంటే మా ఇంటి రుచికి సరిపోయింది. తొక్కుకు మాత్రం చపాట ఒక్కటే చాలు. జాడీలో పైకి తేలిన నూనె ఇప్పటికీ ఎర్రగానే ఉంది.