కోట చుట్టూ ఒక చుట్టు: గండికోటా, సిద్ధవటమా?

పొద్దున్నే బయల్దేరి కోటను ఒక చుట్టు చుట్టి, మొదలుపెట్టిన చోటికే రావాలి. పోయిన దారిలోనే తిరిగి రావడం నాకు నచ్చదు. కడప వాళ్లకు అలాంటి నడకకు పెన్న ఒడ్డునే రెండు పాత కోటలున్నాయి: గండికోట, సిద్ధవటం. ఎవర్ని అడిగినా మొదట గండికోటే అంటారు. నేను మాత్రం సిద్ధవటం అంటాను.

గండికోటను తక్కువ చేయడం లేదు. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న గండి కొట్టిన చోటు అది. పేరులోనే ఉంది విషయం. 12వ శతాబ్దంలో మొదలైన కోట, పెమ్మసాని నాయకుల కాలంలో ఒక వెలుగు వెలిగింది. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయింది. లోపల జామియా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, కొంచెం దూరంలో రంగనాథుని గుడి, ఇంకో దిక్కున మాధవరాయ స్వామి గోపురం. మధ్యలో ఒక ఊరు ఉంది, గడ్డివాములు, బర్రెలతో సహా. చూడ్డానికి ఒక పూట చాలదు.

కానీ చుట్టి రావడం దగ్గరే తంటా. ఒక పక్క గోడ బదులు లోయే ఉంది. అటు వైపు నడిచే దారి లేదు, ఎర్రటి బండలు మాత్రమే. లోయ అంచు దాకా పోయి, చూసి, మళ్లీ వచ్చిన దారే పట్టాలి. అంచున కమ్మీలు లేనిచోట్లు చాలా. సెల్ఫీ కోసం ఇంకో అడుగు వెనక్కి వేసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. ఒకసారి మార్చిలో ఒక్క బాటిల్ నీళ్లతో పోయాను. పదకొండుకల్లా బండ కాలి, నాలుక పిడచకట్టింది. పైగా కడప నుంచి జమ్మలమడుగు పోయి, అక్కడి నుంచి ఇంకో పదిహేను కిలోమీటర్లు. పోయిరావడానికే రోజు అయిపోతుంది.

సిద్ధవటం అలా కాదు. బద్వేలు రోడ్డులో భాకరాపేట దాటి పెన్న మీద వంతెన ఎక్కితే చాలు, వచ్చేశాం. మట్టికోటను రాతికోటగా కట్టించింది ఇక్కడి పాలకుడు మట్లి అనంతరాజు అంటారు. నేలమీది కోట కాబట్టి ఎక్కడం దిగడం లేదు, మోకాళ్ల నొప్పులున్న మా మామ కూడా నడిచాడు. వాకిలి దగ్గర రాతి చెక్కడాలు, లోపల సిద్ధేశ్వరుని గుడి, బయట బిస్మిల్లా షావలి దర్గా. ఈస్టిండియా కంపెనీ దొరలు 1808 నుంచి 1812 దాకా జిల్లా కచేరీని ఇక్కడే నడిపారు. ఇప్పటి ఊరిని చూస్తే నమ్మబుద్ధి కాదు.

ఇక నడక. వాకిలి దగ్గర మొదలై, గోడ వెంబడే నది వైపు దిగి, ఎండాకాలమైతే ఇసుకలో కొంత దూరం, ఆ తర్వాత పొలం గట్ల మీదుగా ఊళ్లోకి. నిదానంగా నడిస్తే రెండు గంటలు. బురుజులు ఎప్పుడూ ఒక చేతి వైపే ఉంటాయి కాబట్టి దారి తప్పే పని లేదు. దూరంగా లంకమల కొండలు. లోకంలో లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఆ అడవుల్లోనే. అది మనకు కనబడదులెండి, రాత్రిపూట తిరిగే పక్షి. అడవిలోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి.

సిద్ధవటంలో లోపం లేదా అంటే, ఉంది. గండికోట లోయను చూసినప్పుడు నోరు తెరుచుకుంటుంది. ఇక్కడ అలాంటి చూపు ఒక్కటి కూడా లేదు. అక్టోబరు, నవంబరు తుపాన్లప్పుడు పెన్న పొంగితే ఇసుక దారి మరిచిపోవాలి. లోపల కొన్నిచోట్ల కంపచెట్లు అల్లుకుపోయి ఉంటాయి, ప్యాంటు చిరిగితే నన్ను తిట్టుకోవద్దు.

హైదరాబాదు నుంచో, బెంగుళూరు నుంచో జీవితంలో ఒక్కసారి వచ్చేవాళ్లయితే గండికోటకే పోండి, ముందురోజు సాయంత్రానికే చేరి, తెల్లవారుజామున లోయ చూడండి. కడపలో ఉండి, నెలకో ఆదివారం కాళ్లు సాగదీయాలనుకునేవాళ్లకు సిద్ధవటం. ఉగ్గాని బజ్జీ పొట్లం కట్టించుకొని ఆరుకల్లా బయల్దేరితే, తొమ్మిదిన్నరకు ఇంట్లో ఉంటారు.