అడాపలీన్ జెల్‌తో రెండేళ్లు: నా ముఖం తట్టుకున్న తీరు

మొటిమలకు చర్మవైద్యురాలు రాసిచ్చిన 0.1 శాతం అడాపలీన్ జెల్‌ను 2 ఏళ్లుగా వాడుతున్నాను. మందు మంచిదే. అయితే మొదటి నెలలో దాన్ని దాదాపు మానేసేదాకా వచ్చిన నేను ఇంతకాలం కొనసాగించగలిగింది నురగ రాని క్లెన్సర్, సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు) ఉన్న మాయిశ్చరైజర్, కాస్త వాజ్‌లైన్ వల్లనే.

మొదట్లో తొందరపడి రోజూ రాత్రి రాశాను. పదో రోజుకల్లా ముక్కు పక్కలా పెదవుల మూలల్లోనూ చర్మం ఎర్రబడి, ఉల్లిపొరలా లేచి, చన్నీళ్లు తగిలినా చురుక్కుమనేది. ఆ పొట్టు పోవాలని సున్నిపిండితో రుద్దడం నేను చేసిన పెద్ద పొరపాటు. అడాపలీన్ రెటినాయిడ్, అంటే విటమిన్ ఎ తరహా మందు. దానివల్ల పైచర్మపు కణాలు త్వరత్వరగా మారుతుంటాయి కనుక, తేమను పట్టి ఉంచే పొర ఆ తొలి వారాల్లో అసలే బలహీనంగా ఉంటుంది.

వైద్యురాలి సలహాతో వారం ఆపి, మూడు రాత్రులకొకసారి చొప్పున మళ్లీ మొదలుపెట్టాను. ముఖాన్ని గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తని తువ్వాలుతో అద్ది, పూర్తిగా ఆరేదాకా 20 నిమిషాలు ఆగుతాను. తర్వాత ముక్కు మూలలకు, పెదవుల అంచులకు వాజ్‌లైన్ పూసి, ముఖమంతా మాయిశ్చరైజర్ రాసి, దానిపై బఠానీ గింజంత జెల్‌ను నుదుటికీ బుగ్గలకూ గడ్డానికీ చుక్కలుగా పెట్టి పల్చగా పరిచి, మళ్లీ మాయిశ్చరైజర్ రాస్తాను. ఆరో వారానికి మంట పోయింది. మూడో నెలకు మొటిమలు స్పష్టంగా తగ్గాయి. ఇప్పుడు రోజు విడిచి రోజు రాస్తున్నాను.

క్లెన్సర్‌లో ఒక లోపం ఉంది: సన్‌స్క్రీన్ ఒక్క కడుగుకు పోదు, రెండుసార్లు కడగాలి. ఆ సన్‌స్క్రీన్ మాత్రం మానడానికి లేదు. మా విజయవాడ ఎండలో ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది, సువాసన లేనిది రోజూ రాస్తాను. సువాసన ఉన్నది ఒకటి వాడితే చెమటతో కళ్లలోకి దిగి మండేది.

ఇంకొక మాట అమ్మాయిలకు తప్పక చెప్పాలి. జెల్ వాడుతూనే పై పెదవికి వ్యాక్సింగ్ చేయించుకుంటే వెంట్రుకలతోపాటు చర్మమూ లేచివచ్చి, నాకు వారం రోజులు నీరు కారింది. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఈ జెల్ జోలికి వెళ్లకుండా ముందు వైద్యులతో మాట్లాడండి.